యోగానందుని అప్పీలు సంగ్రామము

క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అని పురోహితులు సంకల్పము చెప్పు అమెరికా దేశమందు, ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్యమూలను, ఓజార్కు కొండల నడుమ, ఒకానొక మహావిపణి సంస్థ ముఖ్యకార్యాలయపు నీడను నమ్ముకొని వర్ధిల్లు బెంటన్‌విల్ అను పురము కలదు. ఆ పురమున కాలినడక యన్నది వ్యాయామమే గాని ప్రయాణము గాదు; కొత్తిమీర కట్ట కావలసినను రథమెక్కవలసినదే. అట్టి పురమున, వసంతము ప్రవేశించి, రెడ్‌బడ్ చెట్లు కొమ్మకొమ్మకు గులాబిరంగు పూసికొని, ఓకు చెట్ల పుప్పొడి కార్లన్నిటికిని పసుపు పులిమి, పౌరులందరు ఏకకంఠమున తుమ్ముచుండు శుభసమయమున, యోగానందుడను వీరుడు ఒకే ఒక్క వాక్యము వ్రాయలేక మూడు వారములు పోరాడిన వైనము చెప్పెద, వినుడు.

ఆతడు సామాన్యుడా? జావావిద్యాపారంగతుడు, ప్రొడక్షన్‌సపోర్టుధురంధరుడు, బ్లాక్‌ఫ్రైడే నాడు కుప్పకూలు సర్వర్లను ఒంటిచేత నిలువబెట్టిన రణకోవిదుడు, కూపను లేనిదే పిజ్జా ముట్టని మితవ్యయదీక్షితుడు. అట్టివాని ఉద్యోగమును గడచిన శరత్తున ఆతని కన్సల్టింగు కంపెనీవారు ఒక వీడియోకాలున, తమ కెమెరాలు ఆపుకొని, ఊడబెరికిరి. "ఇది మీ పనితనానికి సంబంధించింది కాదు, యోగా" అని మృదువుగ పలికిరి. కత్తితో పొడిచి, పొడిపించుకొన్నవాని రొమ్ము బాగున్నదని మెచ్చుకొనుట ఆ రంగపు మర్యాద.

వీరుడు చలించెనా? చలింపలేదు. చలించినట్లు ఎవ్వరికిని తెలియనీయలేదు. ఊరిలోని తెలుగువారు అడిగినప్పుడెల్ల "చిన్న బ్రేక్ తీసుకున్నానండీ, బర్నవుట్ అయిపోయాను" అని చిరునవ్వు నవ్వెను. ప్రతిదినము ప్రాతఃకాలమున గడ్డము గీసికొని, ఇస్త్రీ చొక్కా తొడిగి, లాప్‌టాపు సంచి భుజమున వేసికొని, ఎదురింటివారు చూచుచుండగా కారెక్కి, ఊరి గ్రంథాలయమునకు పోయి, పిల్లల బొమ్మల పుస్తకముల చెంత కూర్చుండి, ఉద్యోగముల దరఖాస్తులు పంపుచు, సాయంకాలము అలసిన ముఖముతో ఇల్లు చేరుచుండెను. ఆ అలసట మాత్రము నిజము. నిరుద్యోగభృతికి సైతము ఆతడు దరఖాస్తు చేయలేదు. "అది అవసరమున్నవాళ్ళకి" అనెను. భార్య ఛాయాదేవి శిశుసంరక్షణకేంద్రమున పరుల బిడ్డల ముక్కులు తుడిచి తెచ్చు జీతముతో ఇల్లు నడచుచుండెను గనుక, ఆమె ఆ మాట విని, పోపు గింజలను కాగిన నూనెలో కొంచెము గట్టిగనే విసరెను.

వారి ఏకైక పుత్రిక మృదుల. ఆ బాలిక బెంటన్‌విల్‌లోనే పుట్టినది. ఓజార్కు కొండల కడుపులోని గుహలన్నచో ప్రాణము. తోటివారు ఫోనులందు ముఖములు చూచుకొను వయసున, ఈమె తలకు దీపము కట్టుకొని, బురదలో బోర్లపడి ప్రాకి, గుహకప్పున వ్రేలాడు సున్నపురాతి ఊడలను చూచి కన్నీరు కార్చెడిది. మిస్సోరీలోని లార్క్‌మెడో కళాశాలలో గుహల శాస్త్రము చెప్పెడి ఆచార్యురాలొకతె కలదనియు, ఆమె కింద చదువుటయే తన జన్మకు పరమార్థమనియు నమ్మినది. ఆ కళాశాలలో సీటు వచ్చెను. ఇల్లంతయు గంతులు వేసెను. పిదప కళాశాలవారి ఆర్థికసహాయపత్రము వచ్చెను.

ఆ పత్రము "కంగ్రాచులేషన్స్" అని ప్రారంభమాయెను. అమెరికా దేశమున చెడువార్త లన్నియు అట్లే ప్రారంభమగును. గ్రాంటు, అనగా తిరిగి చెల్లింపనక్కరలేనిది, అని ఉన్నచోట సున్న. లోను అని ఉన్నచోట మాత్రము నిండైన అంకె, పెండ్లిపీటపై మామగారివలె గంభీరముగ కూర్చుండెను. మిగిలినది తల్లిదండ్రులు చెల్లింపవలెను. ఆ మిగిలినదెంతయనగా, ఏడాదికొక కొత్త కారు.

తండ్రి నివ్వెరపోగా, కూతురు ఆ లెక్కలోని మర్మము విప్పెను.

"డాడీ, వాళ్ళు ఓల్డ్ టాక్సెస్ చూస్తారు. టూ ఇయర్స్ బ్యాక్‌వి. అప్పుడు నీకు జాబ్ ఉంది, బోనస్ కూడా వచ్చింది. సో వాళ్ళకి మనం రిచ్."

"మరి ఇప్పుడో?"

"అదే. సర్కమ్‌స్టాన్సెస్ చేంజ్ అయితే అప్పీల్ చెయ్యొచ్చు. ఇట్స్ ఎ రియల్ థింగ్. నువ్వు ఒక లెటర్ రాయాలి, జాబ్ పోయింది అని. అంతే."

అంతే! సముద్రము దాటుట యంతే, కొండ నెత్తుట యంతే! యోగానందుడు లేచి, భోజనశాలకును వంటగదికిని నడుమ నిలిచి, చేతిలోని నీళ్ళసీసాను గదవలె ఎత్తి, ఇట్లు గర్జించెను:

"ఛాయా! పదిహేనేళ్ళు ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాణ్ణి నేను! థాంక్స్‌గివింగ్ రాత్రి దేశమంతా టర్కీ తింటుంటే, నేను సర్వర్ల లాగ్స్ తిన్నాను! నేను లేకపోతే ఆ రోజు లక్షమందికి టీవీలు డెలివరీ అయ్యేవి కావు! అలాంటి చేత్తో 'అయ్యా, నాకు ఉద్యోగం లేదు, ఫీజు తగ్గించండి' అని రాయమంటావా? ఎవరికి? ముక్కూ మొహం తెలీని ఏ క్లర్కుకో!"

"టీవీలు వచ్చినవాళ్ళెవరైనా మన ఫీజు కడతారేమో అడగండి" అని ఛాయాదేవి పప్పు కలుపుచు పలికెను.

అయినను పుత్రికావాత్సల్యము గొప్పది. వీరుడు పత్రరచనకు పూనెను. గ్రంథాలయమున, పిల్లల రంగు కుర్చీలో మోకాళ్ళు గడ్డమునకు తగులునట్లు కూర్చుండి, ఆంగ్లభాషలోని సమస్తాలంకారములను ఆవాహన చేసి, రెండు పుటల లేఖను సృష్టించెను. అందలి సారమిట్టిది: తాను విస్తృతానుభవసంపన్నుడైన సాంకేతికనాయకుడు, ఇటీవల స్వీయవికాసార్థము వృత్తిజీవితమున ఒక వ్యూహాత్మక విరామమును స్వీకరించెను, ప్రస్తుతము పలు ఉత్తేజకరమైన అవకాశములను పరిశీలించుచున్నాడు, ఈ పరివర్తనదశలో కళాశాలవారితో భాగస్వామ్యమునకు మిక్కిలి ఉత్సహించుచున్నాడు.

మృదుల అది చదివి, తలపై చేయి పెట్టుకొనెను.

"డాడీ, ఇది అప్పీల్ కాదు. నువ్వు వాళ్ళ కాలేజీని కొనేస్తావేమో అన్నట్టుంది."

"అలా రాస్తేనే గౌరవం ఇస్తారమ్మా. మనం డెస్పరేట్‌గా కనిపించకూడదు."

"బట్ వీ ఆర్ డెస్పరేట్!"

వినలేదు. పంపెను. కొన్నాళ్ళకు కళాశాల ప్రత్యుత్తర మిచ్చెను. యోగానందుని యెదుట ఇన్ని ఉత్తేజకరమైన అవకాశములుండుట తమకెంతయో సంతోషకరమనియు, ఆతడు స్వచ్ఛందముగ తీసికొన్న విరామమును ఆదాయనష్టముగ పరిగణింప వీలులేదనియు, కావున విన్నపము తిరస్కృతమనియు, అయినను అదనపు ఆధారములున్న పక్షమున మరల పంపవచ్చుననియు అందు వ్రాసియుండెను. శత్రువు కరుణామయుడు, తలుపు మూసి, కిటికీ రెక్క కొంచెము తెరచి ఉంచెను.

అంతట టెలిఫోను యుద్ధము. వీరుడు కళాశాల కార్యాలయమునకు ఫోను చేసెను. "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒక యంత్రము పలికెను. ఎంత ముఖ్యమనగా, ఎవ్వరును ముట్టుకొనకుండ పదిలముగ దాచి ఉంచునంత. పిదప పియానో వాదనము. ఆ పియానో వినుచునే యోగానందుడు ఉప్మా తినెను, గిన్నెలు డిష్‌వాషరులో సర్దెను, గడ్డి కోసెను, కోసిన గడ్డిని సంచుల కెత్తెను. ఎట్టకేలకు ఆ నాదసముద్రమునుండి లొరెటా అను స్త్రీకంఠ మొకటి పైకి తేలెను. ఆమె ఆ కార్యాలయపు సలహాదారు. గొంతులో అమెరికా దక్షిణాది సాగుడు, తొందరలేనితనము.

ఆతడు మరల వ్యూహాత్మక విరామమును గూర్చి ఉపక్రమింపగా, ఆమె కొంతసేపు విని, మధ్యలో ఆపినది. ఆమె అడిగినది ఇంతే: "సార్, మీ ఉద్యోగం పోయిందా, లేక మీరే మానేశారా?"

యోగానందుడు గడ్డి సంచిని చూచెను. ఎదురింటి కంచెను చూచెను. "టెక్నికల్‌గా చెప్పాలంటే..." అనెను.

"టెక్నికల్‌గా వద్దు సార్. అప్పీళ్ళు చూసే కమిటీ వాళ్ళకి ఒక్క వాక్యం చాలు. ఉద్యోగం పోయింది, ఫలానా నెలలో. దానితోపాటు కంపెనీ ఇచ్చిన కాగితం, అన్‌ఎంప్లాయ్‌మెంట్ కాగితం. అవి లేకపోతే నేనేమీ చెయ్యలేను."

ఆ సాయంకాలమున ఇంట మహావాదము చెలరేగెను. నిరుద్యోగభృతి కార్యాలయమునకు తాను పోజాలననియు, అచ్చట తెలిసినవారెవరైనను చూచిన యెడల ఈ ఊరిలో తల యెత్తుకొని తిరుగుట యెట్లనియు వీరుడు వాదించెను. ఛాయాదేవి స్టవ్ కట్టివేసెను. వీరపత్నులు తిలకము దిద్ది రణమునకు పంపినట్లు కథలందు విందుము. ఈమె గరిటె చేతబట్టుకొనియే పలికెను:

"ఏమండీ, నేను రోజూ పక్కవాళ్ళ పిల్లలకి డైపర్లు మారుస్తున్నాను. ఊళ్ళో మొన్నటిదాకా నాతో సమానంగా కూర్చున్నవాళ్ళ పిల్లలకే. వాళ్ళు నన్ను 'వదినా' అని పిలిచి బిడ్డని చేతికిచ్చి వెళ్ళిపోతారు. నాకు తల వంగలేదు. మీ తలకేమైంది?"

అప్పుడు మృదుల, తన గదినుండి వచ్చి, తలుపు దగ్గర నిలిచి, ఎంతో తేలికగా అనెను.

"ఇట్స్ ఓకే డాడీ. నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజ్ వెళ్తా. అకౌంటింగ్ చేస్తా. గుహలు వీకెండ్‌లో చూడొచ్చు. నిజంగా, ఐ డోంట్ మైండ్."

అమ్మాయి అబద్ధమాడునప్పుడు తెలుగు బాగుగ వచ్చునని తండ్రికి తెలియును. అస్త్రశస్త్రములకు చలింపని ఆ వీరుని గుండెలో ఆ "నిజంగా" అను మాట సూదివలె దిగి విరిగెను.

మరునాడు, ఆ రాత్రియే ఆన్‌లైనులో పెట్టిన దరఖాస్తున ఆతని గుర్తింపు తేలక, స్వయముగ రమ్మని కబురు వచ్చినందున, యోగానందుడు నల్లకళ్ళద్దములు పెట్టి, బేస్‌బాల్ టోపీని కనుబొమలదాక దించి, కారును కార్యాలయమునకు దూరముగ, పెంపుడుజంతువుల అంగడి యెదుట నిలిపి, చుట్టుదారిన నిరుద్యోగభృతి కార్యాలయమును ప్రవేశించెను. టోకెను తీసికొని, మూలనున్న కుర్చీలో ముడుచుకొనెను. ప్రక్క కుర్చీలో మరియొక పురుషుడు నల్లకళ్ళద్దములతో, టోపీతో, ముడుచుకొని యుండెను. ఇరువురును ఒకరినొకరు చూడకుండుటకై గోడనున్న ప్రకటననే అతిశ్రద్ధగ చదివిరి. అది అగ్నిప్రమాదమున మెట్లు వాడవలెనను ప్రకటన. అంతలో ఆ రెండవవాడు తుమ్మెను. ఆ తుమ్మును యోగానందుడు ఎరుగును. అది మూడేండ్లు ఆఫీసులో ప్రక్క క్యూబికిలునుండి వినిన తుమ్ము.

"రాజీవ్?"

"అన్నా! నువ్వేంది ఇక్కడ?"

"నేనా... ఫ్రెండ్‌కి రైడ్ ఇవ్వడానికి వచ్చానయ్యా. కార్ ట్రబులిచ్చింది వాడికి. నువ్వో?"

"నేను కూడ అంతే అన్నా. ఫ్రెండ్‌కి రైడ్."

ఆహా, ఏమి ఆ పురమున మైత్రీధర్మము! స్నేహితుల కొరకు స్నేహితులు నిరుద్యోగభృతి కార్యాలయమున టోకెన్లు పట్టుకొని కూర్చుందురు గదా!

"నువ్వు హైదరాబాద్ వెకేషన్‌లో ఉన్నావనుకున్నానే" అనెను యోగానందుడు.

"ఇన్‌స్టాలో పెట్టినవి పాత ఫోటోలన్నా" అని రాజీవుడు పలికి, నాలుక కరచుకొనెను.

అంతలో కౌంటరునుండి ఒక యువతి, ఆ గది యంతయు మారుమ్రోగునట్లు, అక్షరమక్షరము విరిచి పిలిచెను: "యో-గా-నాండ్?"

వీరుడు లేవలేదు. ఆమె మరల పిలిచెను. రాజీవుడు కళ్ళద్దములు తీసెను. ఆతని కన్నుల క్రింద నలుపు.

"పో అన్నా" అనెను మెల్లగ. "నీ ఫ్రెండ్‌ని పిలుస్తున్నరు."

యోగానందునకు నవ్వు వచ్చెను. ఆపుకొనజూచెను, ఆగలేదు. రాజీవునకును వచ్చెను. భుజములు కదలునట్లు, కన్నులు తుడుచుకొనునట్లు, ఆ ఇరువురు మహావీరులు ఆ ప్లాస్టికు కుర్చీలలో నవ్విరి. గదిలోనివారు చూచిరి. చూడనిమ్మని, యోగానందుడు టోపీ తీసి చేతబట్టుకొని, శిరస్సెత్తి కౌంటరు కడకు నడచెను.

కౌంటరులోని యువతికి ఆతని బ్లాక్‌ఫ్రైడే పరాక్రమములతో నిమిత్తము లేకపోయెను. ఉద్యోగమున చివరి దినమెప్పుడని అడిగెను, ఆతడు చెప్పెను. కారణమేమని అడిగెను. "తీసేశారు" అనెను. ఆమె తలయెత్తకయే టైపు చేసి, తరువాతి ప్రశ్నకు పోయెను. ఇంతకాలము ఏ మాట నోటవచ్చినచో ఆకాశము విరిగిపడునని ఆతడు వణకెనో, ఆ మాట ఆమెకు ఇంటిపేరుకును ఫోను నంబరుకును నడుమనున్న ఒక గడి.

వెలుపలికి వచ్చి, పెంపుడుజంతువుల అంగడి యెదుట, కారులో కూర్చుండి, ఆతడు ఫోనులోనే ఆ వాక్యము వ్రాసెను. "అక్టోబరులో నా ఉద్యోగం పోయింది." దాని క్రింద మరియొకటి: "ఇప్పుడు నా భార్య జీతంతో మేము బతుకుతున్నాము." విశేషణములు లేవు. వ్యూహములు లేవు. చదివి చూచుకొనెను. మొదటి లేఖ వ్రాసినవాడెవడో తనకు తెలియనివాడనిపించెను.

కాగితములు పంపుటలోనైన అల్పయుద్ధములను విస్తరభీతిచే వర్ణింపము: కళాశాల వెబ్‌సైటు ఫోటోలను నిరాకరించుట, పీడీఎఫ్‌లు మాత్రమే భుజింతుననుట, భుజించి బరువెక్కువాయెనని కక్కుట, కంపెనీ ఉత్తరము తెరపై ప్రక్కకు తిరిగి పడుకొనుట, మృదుల దానిని లేపి నిలబెట్టుట. అన్నియు జరిగెను. పిదప లొరెటా ఫోను చేసి, "అన్నీ అందాయి సార్. ఇలా రాసినందుకు థాంక్స్. అందరూ ఇంత తిన్నగా రాయరు" అని చెప్పినది. ఆ మాటకు వీరుడు, ప్రమోషను వచ్చిననాడు సైతము కానంత సంతుష్టుడాయెను. అది ఛాయాదేవికి చెప్పలేదు.

పదిదినములకు కళాశాల కరిగెను. పూర్తిగ గాదు, ఫ్రిజ్జునుండి తీసిన నేయి అంచున కరిగినట్లు. ప్రభుత్వపు గ్రాంటు కొంత వచ్చెను. కళాశాల గ్రాంటు కొంత పెరిగెను. ఏడాదికొక కొత్త కారు కాస్తా ఏడాదికొక పాత కారాయెను. మిగిలినదానికి మృదుల కొంత లోను తలకెత్తుకొని, కళాశాల భోజనశాలలో పళ్ళెములు కడుగు పనికి ఒప్పుకొనెను. ఛాయాదేవి శనివారములు కూడ పనికి పోవుటకు సిద్ధపడెను. యోగానందుడు తన పెద్ద కారును అమ్మివేసెను. అమ్మిననాడు ఎదురింటాయన కారేదని అడుగగా, "ఉద్యోగం లేదండీ, రెండు కార్లెందుకు" అని ఆంగ్లమున చెప్పి, మొక్కలకు నీరు పెట్టుచున్న కుళాయి కట్టి లోపలికి వచ్చెను. లార్క్‌మెడోకు రుసుము కట్టినదినమున మృదుల తలదీపము కట్టుకొని ఇల్లంతయు తిరిగినది. "నాన్నా" అని పిలిచినది. మామూలుగ డాడీ అనును.

యుద్ధము ముగిసెనని తలంతురేమో. లేదు. శత్రుసేనలో చివరి భటుడొకడు మిగిలియుండెను. కళాశాలనుండి మరియొక కాగితము వచ్చెను: వేసవిలో తల్లిదండ్రులకు ఒక పరిచయసభ జరుగును, బిడ్డలను విడిచి ఎట్లు బ్రతుకవలెనో అందు బోధింతురు, మధ్యాహ్నభోజనము సహితముగ, తలకు తొంబది డాలర్లు.

పూర్వపు యోగానందుడైనచో నోరు మూసుకొని కట్టెడివాడు. నేటి యోగానందుడు ఆ సమయమున పొరుగున నున్న రాజర్స్ ఊరి ఇండియన్ స్టోరులో, బెండకాయల తొట్టి యెదుట నిలిచియుండెను. శుక్రవారము, వారాంతమునకు ముందటి జనసమ్మర్దము. అచ్చటనే ఫోను తీసి, కళాశాలకు చేసి, పియానోను భుజమునకును చెవికిని నడుమ ఇరికించుకొని, బెండకాయల కొనలు విరిచి లేతదనము పరీక్షించుచు వేచియుండెను. లొరెటా వచ్చెను. స్టోరులో ఫోను సిగ్నలు బలహీనము, గొంతెత్తవలసి వచ్చెను.

"యెస్ మేడమ్! మృదుల ఫాదర్‌ని! పేరెంట్స్ ఓరియంటేషన్ ఫీజు తీసేస్తారా? ... అవును మేడమ్! ఇంకా జాబ్ లేదు! ... నో జాబ్! అన్‌ఎంప్లాయ్‌డ్! యు ఎన్ ఈ..."

అక్షరములు ఒక్కొక్కటిగ, పప్పుల అరలమీదుగ, అగరుబత్తుల గూడుమీదుగ, గడ్డకట్టిన పరోటాల పెట్టెలమీదుగ సాగిపోయెను. ఆతడు వెనుదిరుగగా ఎదుట రష్మి నిలిచియుండెను. ఆమె ఛాయాదేవి స్నేహితురాలు. ఆమె చెవినబడిన మాట సూర్యాస్తమయమునకు ముందే ఊరిలోని తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిటను ఉదయించును. యోగానందుడు ఫోను దించెను. ఏ క్షణమునకు ఆతడు ఆరునెలలు భయపడెనో, ఆ క్షణము బండి తోసుకొని ఎదుటికి వచ్చెను.

"అన్నయ్యగారూ" అనెను రష్మి, "ఆ బెండకాయలు ముదురువి, వదిలేయండి. అటు చివర ములక్కాడలు ఫ్రెష్‌గా వచ్చాయి. అయిపోతాయి, తొందరగా వెళ్ళండి."

అని బండి తోసుకొని వెడలిపోయెను.

యోగానందుడు చేతిలోని బెండకాయను తొట్టిలో వేసెను. పిమ్మట ములక్కాడల కడకు నడచెను. నిజముగనే లేతవి. ఫోనులోనుండి లొరెటా ఇంకను మాటలాడుచుండెను: ఫీజు రద్దు చేసితిమి, మీరిరువురును రండు, భోజనము కూడ ఉచితమే, టర్కీ సాండ్‌విచ్ ఇత్తుము.

"మేము వెజిటేరియన్ మేడమ్."

అయినచో రొట్టె, ఆపిలు పండు, చిప్సు పొట్లము అని ఆమె తీర్పు చెప్పెను.

కావున దిక్కులారా, వినుడు! ఓజార్కు పర్వతములారా, చెవి యొగ్గుడు! జావావిద్యాపారంగతుడును నిరుద్యోగియు, ములక్కాడల కట్టను గాండీవమువలె చేతబూనినవాడును అగు యోగానందుడు, లార్క్‌మెడో కళాశాలను ఎదిరించి పోరాడి, తనకొకటి, తన ధర్మపత్నికొకటి, వెరసి రెండు చిప్సు పొట్లములను ఉచితముగ గెలిచెను. ఈ కథ విన్నవారికి గ్రాంటు పెరుగునని మేము చెప్పజాలము. పియానో మాత్రము, ఎప్పటికైనను, ఆగును.